వదిలేస్తే ఆగే బండి: మొబిలిటీ స్కూటర్‌తో నలుగురి మధ్యకు వెళ్లేటప్పుడు

దుకాణంలో బిల్లు కౌంటర్ దగ్గర నలుగురు వరుసలో నిలబడి ఉన్నారనుకుందాం. చివర్లో మొబిలిటీ స్కూటర్ మీద, అంటే నడక కష్టమైనవాళ్లు కూర్చుని వెళ్లే చిన్న బ్యాటరీ బండి మీద, ఒక పెద్దావిడ. ఆవిడ వంతు దగ్గరికొచ్చింది. హ్యాండిల్‌కు తగిలించిన సంచిలోంచి పర్సు తీయడానికి ముందుకు వంగారు. శాలువా అంచు బండిని నడిపే లివర్‌కు చిక్కుకుంది. బండి ఒక్కసారిగా ముందుకు కదిలి, ఎదుటి మనిషి మడమలను గుద్దింది. ఆవిడ హడలిపోయి హ్యాండిల్‌ను రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. బండి ఆగలేదు సరికదా, ఇంకా ముందుకు నెట్టింది.

ఈ అర నిమిషం అర్థమైతే మొబిలిటీ స్కూటర్ భద్రతలో సగం విషయం అర్థమైనట్టే. సైకిల్ మీదైనా మోటార్ సైకిల్ మీదైనా భయం వేసినప్పుడు వేళ్లు బిగుసుకుంటాయి, బిగిస్తే బ్రేకు పడుతుంది. కొన్ని దశాబ్దాలుగా చేతికి అలవాటైన పని అది. మొబిలిటీ స్కూటర్‌లో సంగతి తలకిందులు. బొటనవేలితో నొక్కినా, వేళ్లతో లాగినా, లివర్ కదిలితే బండి నడుస్తుంది. చెయ్యి తీసేస్తే ఆగుతుంది. ఇక్కడ బిగించి పట్టుకోవడమంటే బండిని పొమ్మనడమే.

ఈ ఏర్పాటు వెనక మంచి ఆలోచనే ఉంది. సాధారణంగా ఈ బండ్లలో ఉండేది విద్యుదయస్కాంత బ్రేకు. స్ప్రింగు ఎప్పుడూ బ్రేకును పట్టి ఉంచుతుంది, కరెంటు అందినప్పుడే అది విడుస్తుంది. లివర్ వదలగానే ముందు మోటారే చక్రాలను నెమ్మదింపజేస్తుంది, ఆ తర్వాత స్ప్రింగు పట్టేస్తుంది. బ్యాటరీ అయిపోయినా, వైరు ఊడినా, నడిపే మనిషికి స్పృహ తప్పి చెయ్యి జారినా బండి ఆగిపోతుంది. వేళ్లలో పట్టు లేనివాళ్లు బలంగా బ్రేకు నొక్కాల్సిన అవసరం లేకుండా చేసిన ఏర్పాటు ఇది. చిక్కంతా కంగారు పుట్టిన ఆ మొదటి సెకనులోనే. తలకు తెలిసిన సంగతి చేతికి తెలియడానికి టైమ్ పడుతుంది.

అందుకే కొత్తగా బండి తీసుకున్నవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది నడపడం కన్నా వదలడం. ఖాళీ స్థలంలో పక్కన ఒక మనిషి నడుస్తూ, చెప్పాపెట్టకుండా ‘ఆపు’ అనాలి. అన్న వెంటనే అరచెయ్యి తెరుచుకోవాలి. హ్యాండిల్ మీద చెయ్యి ఉండొచ్చు, లివర్ మీద మాత్రం వేలు ఉండకూడదు. పది సార్లు చేస్తే చాలదు. వరసగా కొన్ని రోజులు, రోజుకు కొన్నిసార్లు చేస్తేనే పాత అలవాటు వదులుతుంది. దీనితో పాటు రెండో అలవాటు: బండి ఆగిందంటే కీ తిప్పి ఆఫ్ చేయాలి. ఎవరితోనైనా మాట్లాడటానికి ఆగినా, అరలోంచి వస్తువు అందుకోవాలన్నా, పర్సు తీయాలన్నా, ఎక్కాలన్నా దిగాలన్నా కీ ఆఫ్‌లోనే ఉండాలి. పైన చెప్పిన పెద్దావిడ ఆ ఒక్క పని చేసి ఉంటే శాలువా ఎక్కడ చిక్కుకున్నా ఏమీ జరిగేది కాదు.

ఎక్కడం, దిగడం అన్న మాట వచ్చింది కాబట్టి ఈ బండి ఎవరి కోసం పుట్టిందో గుర్తు చేసుకోవాలి. 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో అలెన్ థీమ్ అనే ఆయన, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో నడక కష్టమైపోయిన తన దగ్గరి బంధువు కోసం ఇలాంటి బండి తయారు చేశారు. నాలుగడుగులు వేయగలిగి, నాలుగు వీధులు నడవలేని మనిషి కోసం. ఇవాళ్టికీ ఈ బండి వాడేవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. కూర్చున్నప్పుడు బాగానే ఉంటారు, లేచి నిలబడే క్షణంలోనే తూలే ప్రమాదం. సీటు పక్కకు తిరిగే మోడళ్లలో సీటు తిప్పాక లాక్ పడిందో లేదో చేత్తో కదిపి చూసుకోవాలి. హ్యాండిల్‌ను ఊతంగా పట్టుకుని లేవడం చాలామందికి అలవాటు. కీ ఆన్‌లో ఉంటే ఆ పట్టులోనే లివర్ కూడా నొక్కుకుపోతుంది. మనిషి సగం లేచి ఉండగా బండి కదిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక బండి నలుగురి మధ్యకు వచ్చాక దాని స్థానం విచిత్రంగా ఉంటుంది. ఫుట్‌పాత్ మీద ఉన్నంతసేపు అదే అందరికన్నా బరువైనది. ఒక్క మీటరు పక్కకు, రోడ్డు మీదకు దిగితే అదే అందరికన్నా బలహీనమైనది. ఒకే మనిషి, ఒకే బండి. ఫుట్‌పాత్ అంచు దాటగానే బాధ్యత తారుమారవుతుంది. ఇక్కడ ఇతరులకు దెబ్బ తగలకుండా చూడాలి, అక్కడ తనకు తగలకుండా చూసుకోవాలి.

ఈ తేడా ఎంతో లెక్కలో చూస్తే బాగా తెలుస్తుంది. 80 కిలోల బండి, 70 కిలోల మనిషి కలిపి 150 కిలోలు. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకుంటే, అదే 70 కిలోల మనిషి మామూలు నడకలో వచ్చి తగిలినప్పటి కన్నా ఆ ఢీలో మూడు రెట్ల శక్తి ఉంటుంది. వేగం 12 కిలోమీటర్లకు పెరిగితే అది మూడు రెట్ల నుంచి సుమారు పన్నెండు రెట్లకు చేరుతుంది. పైగా ఆ దెబ్బ తగిలేది పాదాలకు, మడమలకు, మోకాళ్ల కిందికి. చిన్నపిల్లలకైతే నేరుగా పొట్టకో ఛాతీకో. ఆగే దూరం కూడా అలాగే పెరుగుతుంది. 6 కిలోమీటర్ల వేగంలో ఎదుట ఏదో వచ్చిందని గ్రహించి చెయ్యి తీయడానికి ఒక సెకను పట్టినా, మూడు మీటర్ల లోపు బండి ఆగే అవకాశం ఉంది. 12 కిలోమీటర్ల వేగంలో ఏడు మీటర్ల దాకా పోతుంది. కిక్కిరిసిన చోట ఏడు మీటర్ల ఖాళీ ఎవరిస్తారు?

చాలా బండ్ల మీద వేగం సర్దుకునే గుండ్రటి మీట ఉంటుంది. దానికి ఒక చివర తాబేలు బొమ్మ, ఇంకో చివర కుందేలు బొమ్మ. చిన్నప్పటి కథ తెలిసినవాళ్లకు ఇంతకన్నా మంచి గుర్తు ఉండదు. దుకాణాల్లో, ఆసుపత్రుల్లో, జనం మధ్య మీట తాబేలు వైపే ఉండాలి. లివర్‌ను కొద్దిగా నొక్కితే నెమ్మదిగా పోతుంది కదా, మీట ఎటుంటే ఏమిటి అనిపించొచ్చు. తేడా ఏమిటంటే, మీట తాబేలు మీద ఉంటే లివర్ పొరపాటున పూర్తిగా నొక్కుకుపోయినా బండి నడకను మించి పోదు. చెయ్యి తప్పు చేసినప్పుడు ఆదుకునేది ఆ మీటే.

మలుపులో వేగం ఇంకా పెద్ద విషయం. రెండు మీటర్ల వ్యాసార్ధంతో 6 కిలోమీటర్ల వేగంలో తిరిగితే మనిషిని పక్కకు తోసే బలం అతని బరువులో ఏడో వంతు. అదే మలుపు 12 కిలోమీటర్ల వేగంతో తీసుకుంటే సగానికి పైగా. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 50 సెంటీమీటర్లు, మనిషితో కలిపి బరువు కేంద్రం నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే, ఆ తోపుడు బరువులో 0.42 వంతు దాటగానే లోపలి వైపు చక్రం గాల్లోకి లేస్తుంది. అంటే మొదటి వేగంలో నిశ్చింతగా తిరిగిన మలుపే రెండో వేగంలో బోల్తా కొట్టిస్తుంది. మూడు చక్రాల బండికి ఈ హద్దు ఇంకా తక్కువ. ముందు ఒకే చక్రం కాబట్టి బండి నిలబడే ఆధారం త్రిభుజం, మనిషి ముందుకు వంగిన కొద్దీ బరువు ఆ త్రిభుజంలో సన్నటి కొస వైపుకు జరుగుతుంది. మూడు చక్రాల బండి ఇరుకు చోట సులువుగా తిరుగుతుంది, కాళ్లు చాపుకోవడానికి చోటుంటుంది. దాన్ని కొనేవాళ్లు అందుకే కొంటారు, అందులో తప్పేమీ లేదు. బయటి ఎగుడుదిగుడు దారుల్లో తిరిగేవాళ్లకు మాత్రం నాలుగు చక్రాలదే మేలు. మలుపుకు ముందే నెమ్మదించి, సాఫీగా తిరిగి, బండి నిటారు అయ్యాకే మళ్లీ వేగం అందుకోవడం ఏ బండికైనా వర్తిస్తుంది.

బరువు కేంద్రాన్ని మార్చేది వేగం ఒక్కటే కాదు. సీటు ఎత్తు పెంచితే అది పైకి పోతుంది. సీటు వెనక బరువైన సంచి తగిలిస్తే వెనక్కి పోతుంది. చదునైన నేల మీద ఏమీ తెలియదు. ర్యాంపు ఎక్కేటప్పుడు మాత్రం ముందు చక్రాలు తేలిపోయి, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. సరుకులు వీలైనంత కిందికి, ముందు బుట్టలోకో కాళ్ల దగ్గరికో చేరాలి. అదీ బండితో వచ్చిన పుస్తకంలో రాసిన బరువు లోపే.

వాలు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వదు. భవనాల్లో ర్యాంపులకు చాలా చోట్ల పాటించే కొలత 1:12, అంటే 12 మీటర్ల పొడవుకు 1 మీటరు ఎత్తు. కోణంలో చెప్పాలంటే 5 డిగ్రీల లోపే. చూడటానికి చాలా తక్కువ. కానీ 150 కిలోల బరువును ఆ వాలు 12 కిలోలకు పైగా బలంతో కిందికి లాగుతుంది. బండి ఎంత వాలు దాకా భద్రమో తయారీదారు డిగ్రీల్లో ఇస్తారు, దాన్ని దాటకూడదు. ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కి ఆనుకోవాలి, రెండు సందర్భాల్లోనూ నేరుగా వెళ్లాలి. వాలుకు అడ్డంగా నడపడం, వాలు మధ్యలో మలుపు తిప్పడం బోల్తాకు దగ్గరి దారి. సగం దూరం ఎక్కాక భయం వేసి వెనక్కి తిప్పాలనిపిస్తుంది. అక్కడే ఆగి, లివర్ వదిలి, ఎవరినైనా సాయం పిలవడం మంచిది. బ్రేకు సరిగా ఉన్న బండి తనకు చెప్పిన వాలులో ఆగిన చోటే నిలబడుతుంది.

అలా నిలబెట్టేది బ్రేకే. ఆ బ్రేకును విడిపించే చిన్న మీట ఒకటి బండి వెనక భాగంలో ఉంటుంది, బండి చెడిపోతే తోసుకుపోవడానికి. అది వేస్తే చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి, మోటారు పట్టు, బ్రేకు పట్టు రెండూ పోతాయి. వాలు మీద ఉండగా, అందులోనూ మనిషి కూర్చుని ఉండగా, ఆ మీట ముట్టుకోకూడదు. ఆగిపోయిన బండిని చూసి దారిన పోయేవాళ్లు మంచి మనసుతోనే సాయం చేయబోతారు. ‘ఈ మీట లాగితే కదులుతుంది’ అని లాగేస్తారు. బండిలో ఉన్న మనిషి ‘ముందు నన్ను దిగనివ్వండి’ అని గట్టిగా చెప్పాల్సిన సందర్భం అది. మొహమాట పడే చోటు కాదు.

ఫుట్‌పాత్ ఎక్కడానికీ దిగడానికీ వాలుగా కోసిన చోటునే వెతుక్కోవాలి. గత్యంతరం లేక ఎత్తు అంచు ఎక్కాల్సి వస్తే, ఆ మోడల్‌కు చెప్పిన ఎత్తు లోపే, రెండు ముందు చక్రాలూ ఒకేసారి తాకేలా ఎదురుగా ఎక్కాలి. ఏటవాలుగా వెళ్తే ఒక చక్రం పైన, ఒకటి కింద పడి బండి పక్కకు ఒరుగుతుంది. చక్రాలు చిన్నవి కావడం వల్ల కారుకు తెలియని గుంట కూడా దీనికి గొయ్యే. కాలువ మూత జాలీలు, పగిలిన పలకలు, తడి ఆకులు, వదులు ఇసుక, అన్నీ చూసుకుని పోవాలి. రైలు పట్టాలు దాటేటప్పుడు మరీ జాగ్రత్త. పట్టా పక్కనుండే సందులో ముందు చక్రం ఇరుక్కుంటే, తిప్పిన కొద్దీ ఇంకా లోపలికి దిగుతుంది. పట్టాలకు లంబంగా, మధ్యలో ఆగకుండా దాటాలి. అవతల వైపు ఖాళీ ఉందని ఖాయమయ్యాకే ఇవతల బయలుదేరాలి.

రోడ్డు దాటడం దగ్గర అసలు సమస్య కనిపించకపోవడం. కూర్చున్న మనిషి తల నిలబడిన మనిషి ఛాతీ దాకానే వస్తుంది. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి బండి ముక్కు బయటికి వచ్చేసరికి, నడిపే మనిషి కళ్లు ఇంకా కారు వెనకే ఉంటాయి. అంటే చూడకముందే బండి రోడ్డు మీద ఉన్నట్టు. ఏడు మీటర్ల రోడ్డును 6 కిలోమీటర్ల వేగంతో దాటడానికి, కదలడానికి పట్టే క్షణం కలుపుకుని 5 సెకన్లు అనుకుందాం. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 5 సెకన్లలో దాదాపు 70 మీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి సిగ్నల్ ఉన్న క్రాసింగ్ కోసం రెండు వందల మీటర్లు చుట్టు తిరగాల్సి వచ్చినా తిరగడమే మంచిది. లారీ, బస్సు లాంటి పెద్ద వాహనాల ముందు, పక్కన డ్రైవరుకు కనిపించని చోట్లు ఉంటాయి. డ్రైవర్ ముఖం కనిపించిందా, అతను తనను చూశాడా అన్నది తేలేదాకా ముందుకు పోకూడదు. ముదురు రంగు బట్టల కన్నా మెరిసే రంగు చొక్కా మేలు, బండి వెనక పొడవాటి కర్రకు కట్టిన జెండా కూడా బాగా పనికొస్తుంది. లైట్లు పగలు వేసుకున్నా నష్టం లేదు.

జనం మధ్య హారన్ కన్నా గొంతు మంచిది. వెనక నుంచి హారన్ వినబడితే మనుషులు ఉలిక్కిపడి ఎటు పడితే అటు జరుగుతారు, సరిగ్గా బండి వెళ్లాలనుకున్న వైపుకే జరిగేవాళ్లూ ఉంటారు. ‘కుడి పక్కన వస్తున్నానండీ’ అంటే చాలు. చెవులు సరిగా వినబడనివాళ్లకు ఆ మాట కూడా వినిపించదు కాబట్టి, జరిగాకే దాటాలి. పిల్లలు, గొలుసుకు కట్టిన కుక్కలు ఎటు తిరుగుతాయో చెప్పలేం. వాళ్ల పక్కన ఆగిపోవడమే తేలిక.

లిఫ్టులో చాలాసార్లు ముందుకు వెళ్లి, వెనక్కి రావాల్సి వస్తుంది. రివర్స్‌లో బండి కూతపెట్టే మోడళ్లున్నాయి. కూత ఉంది కదా అని వెనక్కి చూడకుండా రాకూడదు. మెడ తిరగనివాళ్లు చిన్న అద్దం బిగించుకోవాలి. లేదా లిఫ్టులో ఉన్నవాళ్లను ‘వెనక ఎవరైనా ఉన్నారా?’ అని అడగాలి. రివర్స్‌లో హ్యాండిల్ తిప్పితే బండి ముందు భాగం ఎదురు వైపుకు ఊగుతుందన్నది చాలామంది మొదటి రోజుల్లో గమనించరు. తలుపు చట్రాలకు పడే గీతలన్నీ అందువల్లే. ఎస్కలేటర్ సంగతి ఒక్క మాటలో: ఎప్పుడూ వద్దు.

ఇప్పటిదాకా చెప్పింది బండి గురించి. నడిపే మనిషి గురించి మాట్లాడటం దీనికన్నా కష్టం, ఎందుకంటే అది స్వేచ్ఛకు సంబంధించిన మాట. మొబిలిటీ స్కూటర్‌కు చాలా దేశాల్లో లైసెన్సు అక్కర్లేదు. కారు నడపడం మానేయాల్సి వచ్చినవాళ్లే దీనికి మారుతుంటారు. కారు మానేయడానికి కారణం చూపు తగ్గడమైతే, ఆ చూపు ఇక్కడ కూడా అంతే తగ్గి ఉంటుంది. పక్షవాతం తర్వాత కొందరికి ఒక వైపు దృష్టి పోతుంది. ఇంకొందరికి కన్ను బాగానే ఉన్నా మెదడు ఆ వైపును గుర్తించదు. ఎడమ వైపు తలుపుకో మనుషులకో పదేపదే తగులుతున్నారంటే అది అజాగ్రత్త కాకపోవచ్చు, డాక్టరుకు చెప్పాల్సిన లక్షణం కావచ్చు. నిద్రమత్తు తెచ్చే మందులు, ఉన్నట్టుండి పడిపోయే బీపీ, షుగర్ డౌన్ అవడం, ఇవన్నీ బయలుదేరే ముందు ఆలోచించాల్సినవే. ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడానికి తోడ్పడే నిపుణులు) దగ్గర ఒకసారి పరీక్ష చేయించుకుంటే, నడపొచ్చా లేదా అన్న తీర్పుతో పాటు ఎలాంటి బండి, ఎలాంటి సీటు, లివర్ ఏ చేతి వైపు ఉండాలి అన్నవి కూడా తేలతాయి. లివర్‌ను ఎడమ చేతికి మార్చుకునే వీలు కొన్ని బండ్లలో ఉంది. ఇంట్లోవాళ్లు ‘మీరు ఇక బయటికి వెళ్లొద్దు’ అనే ముందు ఈ దారి చూడాలి. ఇల్లు కదలకపోవడం వల్ల జరిగే హాని కంటికి కనిపించదు గానీ, అదీ చిన్నది కాదు.

బ్యాటరీ విషయంలో రెండు మాటలు చాలు. కంపెనీ చెప్పే దూరం చదునైన దారి, కొత్త బ్యాటరీ, తేలికైన మనిషి లెక్క. చలి, ఎత్తు, బరువు అన్నీ దాన్ని తగ్గిస్తాయి. వెళ్లేటప్పుడు ఎంత ఖర్చయిందో చూసి, వచ్చేటప్పుడు అంతకన్నా ఎక్కువే అవుతుందని లెక్కేసుకోవాలి. ఇంటికొచ్చాక చార్జింగ్ పెట్టేది మనుషులు బయటికి పోయే దారిలో మాత్రం కాకూడదు. మంట అంటుకుంటే ఆ బండే తలుపుకు అడ్డం అవుతుంది.

చట్టాలు దేశానికో రకం. బ్రిటన్‌లో ఫుట్‌పాత్ మీద గంటకు 4 మైళ్లు, అంటే 6.4 కిలోమీటర్లు మించకూడదు. రోడ్డు మీదకు అనుమతి ఉన్న రకానికి అక్కడ 8 మైళ్ల దాకా ఉంది. జపాన్‌లో 6 కిలోమీటర్ల లోపు నడిచే బండి మీద ఉన్న మనిషిని పాదచారిగానే లెక్కిస్తారు. ఎక్కడున్నవాళ్లు అక్కడి నియమం తెలుసుకోవాల్సిందే. అంకెలు వేరైనా ఆలోచన ఒకటే: నడిచేవాళ్ల మధ్య ఉన్నంతసేపు నడిచే వేగమే.

ఇన్ని జాగ్రత్తలూ బండి నడిపే మనిషి మీదే వేయడం మాత్రం న్యాయం కాదు. వాలుగా కోసిన ఫుట్‌పాత్ అంచు ముందు ఒకరు ‘రెండు నిమిషాలే’ అని కారు ఆపి దుకాణంలోకి వెళ్తారు. ఫుట్‌పాత్ మీదుగా అక్కడిదాకా వచ్చిన స్కూటర్‌కు దిగడానికి ఇంకో చోటు ఉండదు. వెనక్కి తిరిగి పోవాలి, లేదా మునుపటి వీధి మూలన రోడ్డు మీదకు దిగి, వాహనాల మధ్య ఆ కారును చుట్టి రావాలి. లివర్ మీద చెయ్యి ఎంత నేర్పుగా ఉన్నా, మీట తాబేలు మీదే ఉన్నా, ఆ మనిషిని ఫుట్‌పాత్ మీద నుంచి రోడ్డు మీదకు నెట్టింది ఆ రెండు నిమిషాలే.